గొలుసు చర్యను ఊహించినవాడే కరెంటు పెట్టించుకున్నాడు

మొన్న వేసవిలో వడమాలపేట నుంచి ఒక పెద్దాయన నా ఓపీకి వచ్చారు. మామిడి రైతు. ఏడాది కిందట ఒకరోజు మూత్రం ఎర్రగా వచ్చిందట. నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. ఎండలో తోటలో తిరిగినందుకు వేడి చేసిందనుకుని బార్లీ నీళ్లు, సబ్జా గింజలు తాగారు. రెండు రోజులకు తగ్గింది. తగ్గింది కదా అని మరిచిపోయారు. నాలుగు నెలలకు మళ్లీ వచ్చింది, మళ్లీ తగ్గింది. మూడోసారి రక్తం గడ్డలుగా పడేసరికి కోడలు పట్టుబట్టి తీసుకొచ్చింది. పరీక్షల్లో మూత్రాశయ క్యాన్సర్ అని తేలింది.

ఆయన వయసు, గుండె పరిస్థితి చూసి పెద్ద ఆపరేషన్ కన్నా రేడియేషన్ మేలని క్యాన్సర్ విభాగం డాక్టర్లు చెప్పారు. రేడియేషన్‌ను మన వైపు కరెంటు పెట్టడం అంటారు కదా. ఆ మాట వినగానే పెద్దాయన లేచి నిలబడ్డారు. చావనైనా చస్తాను గానీ కరెంటు మాత్రం వద్దన్నారు. కొడుకు ఫోన్ తీసి హిరోషిమా ఫొటోలు చూపించాడు. ఇదీ అదీ ఒకటే కదా సార్ అని అడిగాడు. నేను క్యాన్సర్ నిపుణుణ్ణి కాను, జనరల్ మెడిసిన్ చదివిన ప్రభుత్వ డాక్టర్ని. కానీ ఆ ప్రశ్నకు నా దగ్గర ఒక మనిషి కథ ఉంది. అణుబాంబుకు మూలమైన ఆలోచన ప్రపంచంలో మొట్టమొదట వచ్చింది ఎవరి తలలోనో, అదే మనిషికి అదే మూత్రాశయ క్యాన్సర్ వచ్చింది. ఆయన ఏం చేశాడో ఆ తండ్రీకొడుకులకు చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఆయన పేరు లియో సిలార్డ్. 1898 ఫిబ్రవరి 11న హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. ఇంజినీరింగ్ చదువుతుండగా మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి సైన్యంలోకి పిలిచారు. 1918లో స్పానిష్ ఫ్లూ సోకింది. ఒళ్లు కాలిపోతున్నా సెలవు అడిగి సంపాదించి, బుడాపెస్ట్ చేరి ఆస్పత్రిలో పడుకున్నారు. ఆయన రెజిమెంటు ఆ తర్వాత యుద్ధరంగంలో దాదాపు తుడిచిపెట్టుకుపోయిందని కబురు వచ్చింది. కోట్ల మందిని చంపిన జ్వరం ఈ ఒక్కరినీ బతికించిందన్న మాట.

యుద్ధం తర్వాత బెర్లిన్ వెళ్లి ఇంజినీరింగ్ వదిలేసి భౌతికశాస్త్రం పట్టుకున్నారు. అక్కడే ఐన్‌స్టీన్‌తో స్నేహం కుదిరింది. ఫ్రిజ్‌లోంచి కారిన విషవాయువు పీల్చి బెర్లిన్‌లో ఒక కుటుంబం నిద్రలోనే చనిపోయిందని వార్త చదివి, కదిలే భాగాలు లేని ఫ్రిజ్ చేయాలని ఇద్దరూ కలిసి పేటెంట్లు తీసుకున్నారు. ఆ ఫ్రిజ్ మార్కెట్‌కు రాలేదు. హిట్లర్ గద్దెనెక్కాక సిలార్డ్ రెండు సూట్‌కేసులు సర్ది పెట్టుకుని బతికారు. 1933 మార్చి చివర్లో ఒకరోజు వాటిని పట్టుకుని వియన్నా రైలెక్కేశారు. ఆ రోజు రైలు ఖాళీగా ఉంది. మరునాడు అదే రైలు కిక్కిరిసింది, సరిహద్దులో దింపి ప్రశ్నించడం మొదలైంది. ఒక్కరోజు ముందు కదిలినందుకు బయటపడ్డారు. ఆలస్యం ఎంత ఖరీదైనదో నా ఓపీలో రోజూ చూస్తుంటాను కాబట్టి ఈ ముక్క నాకు బాగా గుర్తుండిపోయింది.

అదే ఏడాది సెప్టెంబరు. సిలార్డ్ లండన్‌లో ఉన్నారు, ఉద్యోగం లేదు. పరమాణువుల నుంచి పనికొచ్చే శక్తి తీయడం ఉత్త భ్రమ అని రూథర్‌ఫర్డ్ అంతటి శాస్త్రవేత్త ప్రసంగించినట్టు పేపర్లో చదివారు. పెద్దవాళ్లు ఏదైనా కుదరదని తేల్చి చెబితే సిలార్డ్‌కు చిరాకు. అదే ఆలోచిస్తూ నడుస్తూ సౌతాంప్టన్ రో అనే వీధిలో ట్రాఫిక్ లైటు దగ్గర ఆగారు. రోడ్డు దాటుతుండగా ఒక ఊహ వచ్చింది. ఒక న్యూట్రాన్‌ను మింగి రెండు న్యూట్రాన్లను విడిచే మూలకం ఏదైనా ఉంటే? ఆ రెండూ మరో రెండు పరమాణువులను తాకి నాలుగవుతాయి. నాలుగు ఎనిమిది, ఎనిమిది పదహారు... ఇక ఎవరూ నిప్పు అంటించక్కర్లేదు. దాన్నే గొలుసు చర్య అంటున్నాం. పాఠ్యపుస్తకాల్లో శృంఖల చర్య.

కరోనా రోజుల్లో టీవీలో ఆర్ విలువ అని రోజూ విన్నారు, గుర్తుందా? ఒక రోగి సగటున ఎంతమందికి అంటిస్తాడన్న లెక్క అది. ఒకటికి తక్కువైతే జబ్బు దానంతటదే ఆరిపోతుంది. సరిగ్గా ఒకటైతే అలాగే నడుస్తుంది. ఒకటి దాటితే విజృంభిస్తుంది. యురేనియంలో జరిగేదీ ఇదే లెక్క, రోగికి బదులు న్యూట్రాన్. చిన్న ముద్ద అయితే న్యూట్రాన్లు ఎవరినీ తాకకుండానే బయటికి పారిపోతాయి, పొలాల మధ్య ఒంటరి గుడిసెలో జలుబు ఊరికి పాకనట్టే. ముద్ద కొంత పరిమాణం దాటితేనే గొలుసు నిలబడుతుంది. ఆ పరిమాణాన్ని క్రాంతిక ద్రవ్యరాశి అంటారు. ఈ రెండు సంగతులూ 1934లో సిలార్డ్ తీసుకున్న పేటెంటులోనే ఉన్నాయి. అది జర్మనీ చేతిలో పడకూడదని 1936లో బ్రిటిష్ నౌకాదళానికి రహస్యంగా అప్పగించేశారు.

చిత్రమేమిటంటే అప్పటికి ఏ మూలకం అలా చేస్తుందో ఆయనకు తెలియదు. 1934 వేసవిలో లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆస్పత్రికి వెళ్లి, రోగుల కోసం ఉంచిన రేడియం కొన్నాళ్లు వాడుకోనివ్వమని అడిగారు. వైద్యులు ఒప్పుకున్నారు. అక్కడ చామర్స్ అనే సహచరుడితో కలిసి, న్యూట్రాన్ తగిలి రేడియోధార్మికంగా మారిన పరమాణువులను మిగతావాటి నుంచి రసాయనికంగా వేరుచేసే పద్ధతి కనిపెట్టారు. సిలార్డ్-చామర్స్ పద్ధతి పేరుతో అది ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది. వైద్యంలో వాడే ఐసోటోపుల తయారీకీ అది పనికొచ్చింది. గొలుసు చర్యకు మాత్రం దారి దొరకలేదు. బెరీలియం పనిచేయలేదు, ఇండియం పనిచేయలేదు. 1938 చివరికి విసిగి పేటెంటు రద్దు చేసుకుందామనుకున్నారు.

సరిగ్గా అప్పుడే బెర్లిన్‌లో హాన్, స్ట్రాస్‌మన్ యురేనియంను న్యూట్రాన్లతో కొడితే బేరియం పుడుతోందని కనిపెట్టారు. యురేనియం కేంద్రకం రెండుగా చీలుతోందని లీస్ మైట్నర్, ఆమె మేనల్లుడు ఫ్రిష్ వివరించారు. దీనికి పేరు పెట్టడానికి ఫ్రిష్ ఒక జీవశాస్త్రవేత్తను పట్టుకుని, కణం రెండుగా చీలడాన్ని మీరేమంటారని అడిగి ఆ మాటనే తీసుకున్నారు. ఫిజన్ అన్న మాట భౌతికశాస్త్రంలోకి వచ్చింది మా వైద్యుల ఇంటి పక్క నుంచే. తెలుగులో కేంద్రక విచ్ఛిత్తి అంటున్నాం.

ఈ కబురు సిలార్డ్‌కు తెలిసింది కూడా రోగి మంచం పక్కనే. 1939 జనవరిలో పచ్చకామెర్లతో ప్రిన్స్‌టన్‌లో చికిత్స పొందుతున్న స్నేహితుడు విగ్నర్‌ను చూడటానికి వెళితే ఆయన చెప్పారు. ఐదేళ్లుగా వెతుకుతున్న మూలకం యురేనియమేనా? స్నేహితుడి దగ్గర 2,000 డాలర్లు అప్పు చేసి రేడియం అద్దెకు తెచ్చారు. మార్చి 3న కొలంబియా యూనివర్సిటీలో వాల్టర్ జిన్‌తో కలిసి పరికరం స్విచ్ వేశారు. తెర మీద మెరుపులు కనిపించాయి. చీలిన ప్రతి కేంద్రకం నుంచీ సుమారు రెండు న్యూట్రాన్లు వస్తున్నాయన్న మాట. ప్రపంచానికి కష్టకాలం దాపురించిందని ఆ రాత్రే ఆయనకు అర్థమైంది.

యురేనియం గని పక్కన భయం లేదా?

ఇక్కడ కాస్త ఆగి ఒక అనుమానం తీర్చాలి. మన పక్కనే కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. మరి భూమిలోనే ఆ గొలుసు ఎందుకు మొదలవదు?

రెండు అడ్డంకులున్నాయి. ప్రకృతిలో దొరికే యురేనియంలో తేలిగ్గా చీలే రకం, యురేనియం-235, నూటికి 0.7 మాత్రమే. మిగతా 99.3 యురేనియం-238. అది న్యూట్రాన్‌ను మింగి చాలావరకు ఊరుకుంటుంది. టీకా వేయించుకున్న ఊళ్లోకి వైరస్ వచ్చినట్టు, గొలుసు అక్కడే తెగిపోతుంది. రెండోది వేగం. చీలికలో పుట్టిన న్యూట్రాన్లు విపరీతమైన వేగంతో వస్తాయి. దూసుకొచ్చే బంతిని పట్టడం కష్టం, మెల్లగా దొర్లే బంతిని పసిపిల్లాడైనా పడతాడు. యురేనియం-235 కూడా నిదానించిన న్యూట్రాన్‌నే బాగా పట్టుకుంటుంది. అందుకని న్యూట్రాన్‌ను నిదానపరిచే పదార్థం మధ్యలో ఉండాలి. సిలార్డ్, ఫెర్మీ గ్రాఫైట్ ఎంచుకున్నారు. మన రియాక్టర్లలో ఎక్కువ వాటిలో భారజలం వాడతారు. తుమ్మలపల్లె యురేనియం హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌కు చేరి బిళ్లలుగా మారి గొట్టాల్లోకి ఎక్కుతుంది. భారజలం తెలంగాణలోని మణుగూరులో తయారవుతుంది. ఈ రెండూ ఒక రియాక్టర్‌లో సరైన అమరికలో కలిస్తేనే గొలుసు నడుస్తుంది. గనిలోని రాయి బాంబులా పేలదు. ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్లు తాగునీటి గురించి అడిగే ప్రశ్నలు వేరే సంగతి. యురేనియం ఒక భారలోహం, ఎక్కువగా ఒంట్లోకి వెళితే మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఆ ప్రశ్నలకు జవాబు నీటి పరీక్షలే. బాంబు భయాన్ని దానితో కలిపితే అసలు ప్రశ్న పక్కకు పోతుంది.

ఇక శక్తి మాట. ఒక యురేనియం పరమాణువు చీలితే వచ్చే శక్తి, ఒక కార్బన్ పరమాణువు కాలితే వచ్చేదానికి దాదాపు ఐదు కోట్ల రెట్లు. బాంబులో ఒకటి రెండవుతూ 80 తరాలు గడిస్తే సుమారు అరకిలో యురేనియం చీలిపోతుంది. ఆ 80 తరాలకూ పట్టే కాలం సెకనులో పది లక్షల వంతు కూడా ఉండదు. రియాక్టర్‌లో మాత్రం ఆ విలువను ఒకటి దగ్గర ఆపి ఉంచుతారు. కాడ్మియం, బోరాన్ వంటి న్యూట్రాన్లను మింగే కడ్డీలను లోపలికి దించుతూ, పైకి లాగుతూ. ఇంత వేగంలో కడ్డీ దించే వ్యవధి ఎక్కడిదని మీరు అడగొచ్చు. ప్రకృతి ఒక చిన్న దయ చూపింది. ప్రతి వెయ్యి న్యూట్రాన్లలో ఆరో ఏడో కొన్ని సెకన్లు, ఒక్కోసారి నిమిషం వరకు ఆలస్యంగా పుడతాయి. గొలుసు ఆ ఆలస్యపు వాటి కోసం ఆగాల్సి వచ్చేలా రియాక్టర్‌ను నడుపుతారు. ఆ కొద్దిపాటి నెమ్మది లేకపోతే అణువిద్యుత్తే లేదు.

ఉత్తరం రాయించినవాడు, ఆపమన్నవాడు

జర్మనీ ముందుగా బాంబు చేస్తుందేమోనన్న భయంతో 1939 జులైలో సిలార్డ్ ఐన్‌స్టీన్‌ను వెతుక్కుంటూ లాంగ్ ఐలండ్ వెళ్లారు. ఆయనకు కారు నడపడం రాదు. మొదటిసారి విగ్నర్, తర్వాత టెల్లర్ తీసుకెళ్లారు. ఆగస్టు 2 తేదీతో ఐన్‌స్టీన్ సంతకం చేసిన ఆ ఉత్తరం అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు చేరింది.

గ్రాఫైట్‌లో ఏ మాత్రం బోరాన్ ఉన్నా అది న్యూట్రాన్లను మింగేస్తుందని పసిగట్టి, స్వచ్ఛమైన గ్రాఫైట్ కోసం కంపెనీల వెంట పడిందీ సిలార్డే. జర్మన్లు ఆ సంగతి గమనించక గ్రాఫైట్ పనికిరాదని వదిలేశారు. 1942 డిసెంబరు 2న షికాగోలో ఆట మైదానం గ్యాలరీ కింద, స్క్వాష్ ఆడే గదిలో, దాదాపు 400 టన్నుల గ్రాఫైట్ ఇటుకల మధ్య యురేనియం పేర్చి, ఫెర్మీ కడ్డీలను ఒక్కో అంగుళం పైకి లాగించారు. మధ్యాహ్నం మూడున్నర వేళ గొలుసు నిలబడింది. వచ్చిన శక్తి అర వాట్, చిన్న టార్చిలైటుకు కూడా చాలదు. అందరూ వెళ్లిపోయాక సిలార్డ్ ఫెర్మీకి చెయ్యి కలిపి, ఇది మానవజాతి చరిత్రలో చీకటి రోజుగా మిగులుతుందని అన్నారట.

1945 నాటికి జర్మనీ ఓడిపోయింది. బాంబు కావాలని అందరికంటే ముందు పరిగెత్తినవాడే జపాన్ మీద వేయొద్దని తోటి శాస్త్రవేత్తల సంతకాలు సేకరించారు. 70 మంది చేశారు. అర్జీ అధ్యక్షుడు ట్రూమన్ వరకు వెళ్లలేదు. ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి. ఆయన చేసింది తప్పా ఒప్పా అని నన్ను అడిగితే, ముందు చేసిందీ తర్వాత చేసిందీ ఒకే భయంతో చేశారనిపిస్తుంది. ఆ భయం ఆయనకు ఇతరుల కంటే కొన్నేళ్లు ముందే కలిగేది.

యుద్ధం తర్వాత భౌతికశాస్త్రానికి దండం పెట్టి యాభై ఏళ్ల వయసులో జీవశాస్త్రం చదువుకున్నారు. బాక్టీరియాను ఒకే వేగంతో నిరంతరం పెంచే పరికరం ఆరన్ నోవిక్‌తో కలిసి తయారుచేశారు. 1951లో గెర్ట్రూడ్ వైస్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె ప్రజారోగ్యంలో పనిచేసిన వైద్యురాలు. ఈలోగా 1950లో రేడియోలో ఒక హెచ్చరిక చేశారు. హైడ్రోజన్ బాంబుకు కోబాల్ట్ తొడుగు వేస్తే అది కోబాల్ట్-60గా మారి గాల్లో పరుచుకుని భూమ్మీద మనిషి జాడే లేకుండా చేయగలదని. ఆ మాటకు జనం హడలిపోయారు.

పదేళ్ల తర్వాత, 1960లో, సిలార్డ్‌కు మూత్రాశయ క్యాన్సర్ అని తేలింది.

మూత్రాశయం తీసేసే ఆపరేషన్‌కు ఆయన ఒప్పుకోలేదు. ఆ తర్వాత బతికే బతుకు తనకు వద్దనుకున్నారు. భార్యాభర్తలిద్దరూ కూర్చుని వైద్య గ్రంథాలు, లెక్కలు తిరగేశారు. న్యూయార్క్‌లోని మెమోరియల్ ఆస్పత్రిలో రేడియేషన్ తీసుకుంటానని, ఎంత మోతాదు, ఎలా ఇవ్వాలో తానే లెక్క కట్టి ఇచ్చారు. వాడింది ఏమిటో తెలుసా? కోబాల్ట్-60. ప్రపంచాన్ని అంతం చేయగలదని తానే హెచ్చరించిన ఆ పదార్థాన్నే తన పొత్తికడుపు మీద పెట్టించుకున్నారు. రెండో విడత 1962లో, ఇంకా ఎక్కువ మోతాదుతో. అంత మోతాదు ప్రాణం తీస్తుందని డాక్టర్లు అడ్డుపడ్డారు. తీసుకోకపోతే ఎలాగూ పోతాను కదా అని వాదించి ఒప్పించారు. ఆ క్యాన్సర్ మళ్లీ రాలేదు.

అది ఎలా పనిచేసింది? రియాక్టర్‌లో గొలుసు చర్య నడుస్తుండగా మామూలు కోబాల్ట్‌ను లోపల ఉంచితే, న్యూట్రాన్‌ను పట్టుకుని కోబాల్ట్-60 అవుతుంది. మన దేశంలో రాజస్థాన్‌లోని రావత్‌భాటా రియాక్టర్లలో ఇలా చేస్తున్నారు. దాని నుంచి వచ్చే గామా కిరణాలు కణంలోని డీఎన్ఏను తెంచుతాయి. మామూలు కణాలు ఆ తెగినదాన్ని చాలావరకు బాగుచేసుకుంటాయి. హడావుడిగా చీలే క్యాన్సర్ కణాలకు ఆ ఓపిక తక్కువ. అందుకే మొత్తం ఒకేసారి ఇవ్వకుండా వారాల తరబడి కొంచెం కొంచెంగా ఇస్తారు. బాంబుకూ దీనికీ తేడా గురిలో, మోతాదులో, వ్యవధిలో ఉంది. ఇప్పుడు చాలాచోట్ల కోబాల్ట్ యంత్రాల బదులు లీనియర్ యాక్సిలరేటర్లు వచ్చాయి. వాటిలో రేడియోధార్మిక పదార్థమే ఉండదు, కరెంటుతోనే కిరణాలు పుడతాయి. స్విచ్ ఆపితే కిరణం ఆగిపోతుంది. కాబట్టి మనవాళ్లు పెట్టిన పేరు అంత తప్పేమీ కాదు. అలసట, మూత్రంలో మంట, విరేచనాలు, చర్మం నల్లబడటం వంటివి ఉంటాయి. లేవని చెప్పను. చాలావరకు తగ్గుతాయి, కొన్ని తర్వాత కూడా ఉండొచ్చు.

ఒక్క మాట. సిలార్డ్ తన మోతాదు తానే రాసుకున్నాడు కదా అని ఫోన్ చూసి మీరు రాసుకుని రావద్దు. ఆయన రేడియేషన్‌తో ముప్పై ఏళ్లు గడిపినవాడు, పక్కన డాక్టర్ భార్య ఉంది. అయినా ఆ ఆస్పత్రి డాక్టర్ల తల తిని ఉంటాడని నా గట్టి నమ్మకం. అందరికీ రేడియేషనే సరైనదనీ కాదు. కొందరికి ఆపరేషన్ మేలు, కొందరికి మందులతో కలిపి రేడియేషన్. అది మీ డాక్టర్లతో కూర్చుని తేల్చుకోవాలి.

కానీ ఒకటి మాత్రం మీ చేతుల్లోనే ఉంది. నొప్పి లేకుండా ఒక్కసారి మూత్రంలో రక్తం కనిపించినా వేడి అని వదిలేయకండి. బీట్‌రూట్ తిన్నా, టీబీకి వాడే రిఫాంపిసిన్ మాత్ర వేసుకున్నా రంగు మారుతుంది, నిజమే. మూత్రంలో ఇన్ఫెక్షన్, రాళ్లు కూడా కారణం కావచ్చు. ఏదైనా పరీక్షతోనే తేలాలి. నలభై దాటినవాళ్లు, బీడీ సిగరెట్ అలవాటు ఉన్నవాళ్లు, రంగుల పరిశ్రమల్లో పనిచేసినవాళ్లు మరీ జాగ్రత్త. మూత్ర పరీక్ష, అల్ట్రాసౌండ్, అవసరమైతే గొట్టంతో లోపల చూసే సిస్టోస్కోపీ. రక్తం దానంతటదే ఆగిపోవడం జబ్బు పోయిందనడానికి గుర్తు కాదు.

సిలార్డ్ ఆస్పత్రి గదిని ఆఫీసులా మార్చేశారు. కథల పుస్తకం రాయించారు, విలేకరులను పిలిచారు. 1960 అక్టోబరులో న్యూయార్క్ వచ్చిన సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్‌ను కలిసి ఒక షేవింగ్ రేజర్ బహుమతిగా ఇచ్చారు. యుద్ధం రానంత కాలం బ్లేడ్లు పంపుతూనే ఉంటానని మాట ఇచ్చారు. మాస్కో, వాషింగ్టన్ల మధ్య నేరుగా మాట్లాడుకునే లైను ఉండాలని అడిగారు. 1963లో అలాంటి లైను ఏర్పడింది. చివరి రోజులు కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో గడిపి, 1964 మే 30న నిద్రలోనే గుండెపోటుతో వెళ్లిపోయారు. వయసు 66.

వడమాలపేట పెద్దాయన ఇదంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగారు. రోజూ కరెంటు పెట్టించుకుని సాయంత్రం బస్సులో ఇంటికి పోతే, మనవరాలు ఒళ్లో కూర్చుంటే ఆ పిల్లకేమైనా అవుతుందా అని. ఏమీ కాదు. బయటి నుంచి యంత్రంతో ఇచ్చే రేడియేషన్ ఒంట్లో మిగలదు, పక్కవాళ్లకు అంటదు. ఆ పాపను ఎత్తుకోవచ్చు, ఒకే కంచంలో తినొచ్చు. ఆ మాట చెప్పాక కొడుకు వైపు తిరిగి, సోమవారం ఉదయం ఎన్నింటికి రావాలో కనుక్కోమన్నారు.